చప్పుడు చేయకూడని మనిషి మీద ఒక ఆడియో కథ: ప్రాజెక్టు డైరీ

ఏం చేస్తున్నానంటే

మీడియా కోర్సులో ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకు రెండు భాగాలు. మొదటిది, ఏదో ఒక రకం మనుషుల్ని ఎంచుకుని, తెర మీద వాళ్లను ఎలా చూపిస్తున్నారో గమనించి రాయాలి. రెండోది, వాళ్ల మీదే ఎనిమిది నిమిషాలకు మించని ఆడియో కథ చేయాలి. కథలో వ్యాఖ్యాత ఉండకూడదు. "రాత్రి పదయింది, ఆఫీసు ఖాళీ అయింది" అని చెప్పేసి తప్పించుకునే వీల్లేదన్నమాట.

నేను ఎంచుకున్నది ఆఫీసుల్లో, ఇళ్లలో శుభ్రం చేసే ఆడవాళ్లను. తెర మీద వాళ్లకేం కొదవ లేదు. కొదవంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

తెర భాగం

దొరికినన్ని సన్నివేశాలు పోగేసి పక్కపక్కన పెట్టి చూశాను. ఆమె తలుపు దగ్గర ఉంటుంది. చేతిలో ట్రేనో చీపురో ఉంటుంది. కెమెరా ముందున్న వాళ్ల మీద ఫోకస్ పెట్టుకుంటే వెనకాల ఆమె మసకగా కదులుతుంది. ముఖం కన్నా వీపే ఎక్కువ కనిపిస్తుంది. యజమాని ఏదో చెబుతాడు, ఆమె తలూపుతుంది, అక్కడికి కట్. పేర్ల జాబితాలో చాలాసార్లు ఆమెకు పేరు కూడా ఉండదు, పని పేరే ఉంటుంది.

తెర మీద ఆడవాళ్ల గురించి చదవడం మొదలుపెడితే ఎవరికైనా ముందు తగిలేది 1975లో అచ్చయిన, సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ వ్యాసం. కెమెరా చూపు మగవాడి చూపుగా మారి, ఆడదాన్ని చూడదగ్గ వస్తువుగా నిలబెడుతుందని ఆమె వాదన. నా క్లిప్పుల్లోని మనిషికి సమస్య తిరగబడింది. ఆమెను అసలు ఎవరూ చూడటం లేదు. చూపుకు గురి కావడం ఒక అన్యాయమైతే, చూపు ఆగకుండా మీదుగా దాటిపోవడం మరో రకం అన్యాయం. ఈ రెండోదాని గురించి మా క్లాసులో మాట్లాడుకున్నది తక్కువే.

బెక్‌డెల్ పరీక్ష కూడా పెట్టి చూశాను. 1985లో అలిసన్ బెక్‌డెల్ గీసిన కామిక్‌లోంచి వచ్చింది ఇది. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారా, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా, ఆ మాటలు మగవాడి గురించి కాకుండా ఇంకేదైనా విషయం మీదా అని అడుగుతుంది. యజమానురాలు "గది తుడిచావా?" అంటే ఆమె "తుడిచానమ్మా" అంటుంది. పరీక్ష పాస్! ఈ కొలబద్ద మాటలను లెక్కపెడుతుంది. మాట వల్ల మనిషి ఎంత కనబడిందన్నది దాని లెక్కలోకి రాదు. దాన్ని తప్పుపట్టడం లేదు, అది మొదట జోకుగా పుట్టిన కొలత. దాన్ని పట్టుకుని థీసిస్‌లు రాస్తున్నది మనమే.

తర్వాత చేసిన పని ఒకటి ఈ ప్రాజెక్టు దారినే మార్చింది. ఆ క్లిప్పులన్నిటికీ బొమ్మ ఆపేసి ధ్వని మాత్రం విన్నాను. ఆమె మాయమైపోయింది. ముందున్న వాళ్ల అడుగులు టకటకా వినిపిస్తున్నాయి, కాఫీ కప్పు సాసర్‌లో పెట్టిన చప్పుడు వినిపిస్తోంది, ఖరీదైన చీర కుచ్చిళ్ల గరగర కూడా వినిపిస్తోంది. వెనకాల గది మొత్తం ఊడ్చిన మనిషి చీపురు మాత్రం వినిపించదు. సినిమాలో అడుగుల చప్పుడు, బట్టల చప్పుడు చాలావరకు షూటింగ్‌లో పట్టుకున్నవి కావు. తర్వాత స్టూడియోలో తెర చూస్తూ ఒక కళాకారుడు మళ్లీ చేసినవి. మూకీలు పోయి టాకీలు వస్తున్న రోజుల్లో యూనివర్సల్ స్టూడియోలో ఆ పద్ధతిని తీర్చిదిద్దిన జాక్ ఫోలీ పేరుమీదే దాన్ని ఫోలీ అంటున్నాం. అంటే ఎవరి అడుగులు వినిపించాలో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. ఆమె కాళ్లకు చెప్పులున్నాయో లేవో ఎవరూ అడగలేదు.

మొదటి భాగం రిపోర్టులో ఇదే రాశాను. బొమ్మలో అంచుకు నెట్టారు, ధ్వనిలో ఆ అంచు కూడా ఇవ్వలేదు.

స్క్రిప్ట్

కథ ఇది. ఒక ఆఫీసు అంతస్తు, రాత్రి. అందరూ వెళ్లిపోయారు. ఇద్దరు మేనేజర్లు మాత్రం అద్దాల గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. బయట వరండాలో ఆమె తుడుస్తోంది. శుభ్రం చేసే కాంట్రాక్టును వచ్చే నెల నుంచి ఆపేయాలని వాళ్లు అనుకుంటున్నారు. ఆమె వింటోందన్న స్పృహ వాళ్లకు లేదు. కథంతా ఇంతే.

మా గైడ్ మేడం చదివి, "బాగుంది గానీ ఆమె మనసులో మాట పెట్టు. లేకపోతే వినేవాళ్లకు ఆమె ఉన్నట్టే తెలియదు" అన్నారు. ఆడియోలో ఇది మామూలు సలహా, అందులో న్యాయం కూడా ఉంది. తెర మీద మనిషి మాట్లాడకుండా నిలబడినా ఉన్నట్టే. ఆడియోలో చప్పుడు చేయని మనిషి ఆ క్షణానికి లేనట్టే. అయినా నాకు మనసొప్పలేదు. మేనేజర్లు తమ గురించి మనకేమీ వివరించరు, మాట్లాడుకుంటారంతే. ఆమె మాత్రం తన పేదరికం, తన పిల్లలు, తన భయం అన్నీ మన చెవిలో విప్పి చెప్పుకోవాలా? అప్పుడు ఆమె కథలో పాత్ర కాదు, మన ముందు నిలబడ్డ అర్జీదారు.

చీకటిని వాడుకోవచ్చా అని కూడా ఆలోచించాను. రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో ఒకటి 1924 జనవరిలో బీబీసీలో వచ్చింది, రిచర్డ్ హ్యూస్ రాశాడు. బొగ్గుగనిలో దీపాలు ఆరిపోయాక మొదలవుతుంది. పాత్రలకూ ఏమీ కనపడదు, శ్రోతకూ కనపడదు, అందుకే వాళ్లు ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం సహజంగా ఉంటుంది. అద్భుతమైన ఎత్తు. నా కథకు పనికిరాదు. అక్కడ చీకటి వల్ల అందరూ సమానం. ఇక్కడ దీపాలన్నీ వెలుగుతున్నా ఒకరు మాత్రం కనపడటం లేదు.

చివరకు మేడంతో, "మాటలు పెట్టను మేడం, చెవిని ఆమె దగ్గర పెడతాను" అన్నాను. "చేసి వినిపించు, అప్పుడు చూద్దాం" అన్నారు.

చెవి ఎక్కడ ఉండాలి

తెర మీద క్లోజప్ ఉంది. ధ్వనిలో క్లోజప్ అంటే వాల్యూమ్ పెంచడమని చాలామంది అనుకుంటారు. కాదు. గదిలో మనిషి దగ్గరగా ఉన్నాడా దూరంగా ఉన్నాడా అన్నది చెవి ప్రధానంగా ఒక నిష్పత్తితో పసిగడుతుంది. నోటి నుంచి నేరుగా వచ్చిన ధ్వని ఎంత, గోడలకు తగిలి తిరిగొచ్చిన ధ్వని ఎంత అన్నదే ఆ నిష్పత్తి. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో నేరుగా వచ్చేది అలాగే తగ్గుతుంది గానీ గోడల ప్రతిధ్వని దాదాపు అంతే ఉంటుంది. అందుకే దూరంగా ఉన్న గొంతును ఎంత పెంచినా అది దగ్గరికి రాదు, గట్టిగా అరుస్తున్న దూరపు గొంతవుతుంది.

ఇది తెలిశాక పని తేలికయింది. మేనేజర్ల మాటలను నిజంగానే ఒక గదిలో, మైక్‌ను దూరంగా పెట్టి రికార్డు చేశాను. ఆమె ఊపిరి, చేతి గాజుల చిన్న కదలిక, మాప్ కర్రను పట్టు మార్చుకున్న చప్పుడు మాత్రం మైక్‌కు జానెడు దూరంలో. డైరెక్షనల్ మైక్‌ను, అంటే ఒక వైపు ధ్వనినే ఎక్కువగా పట్టే మైక్‌ను, అంత దగ్గర పెడితే కింది స్వరాలు వాటంతటవే బరువెక్కుతాయి. రేడియోలో అనౌన్సర్ గొంతు మన పక్కనే ఉన్నట్టు అనిపించడానికి అదీ ఒక కారణం. ఆ గౌరవం ఈసారి ఆమె ఊపిరికి దక్కింది.

సినిమాలో ముఖం కనపడని గొంతుకు వింత అధికారం ఉంటుందని ఫ్రెంచ్ సిద్ధాంతకర్త మిషెల్ షియోన్ అంటాడు. మనిషి కనపడడు కాబట్టి ఆ గొంతు అంతటా ఉన్నట్టు, అంతా చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆడియో కథలో ఎవరి ముఖమూ కనపడదు కాబట్టి ఆ అధికారం అందరికీ సమానంగా రావాలి. రాదు. మైక్‌కు దగ్గరున్న వాళ్లకే వస్తుంది. నా కథలో ఏడు నిమిషాల్లో ఆరున్నర నిమిషాలు మేనేజర్లే మాట్లాడతారు. అయినా విన్నవాళ్లు వాళ్లను "ఆ ఇద్దరు" అంటున్నారు, ఆమెను "ఆమె" అంటున్నారు. నాకు కావలసింది అదే.

ఫోలీ

ఇక్కడే ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే.

ఇంటర్నెట్‌లో దొరికే శబ్దాల భాండాగారాల్లో "శుభ్రం చేయడం" అని వెతికితే వచ్చేవన్నీ గోలగోలగా ఉంటాయి. బకెట్ ఠంగున పడటం, నీళ్లు భళ్లున చిమ్మడం, బ్రష్‌తో బరబరా తోమడం. వాటితో ట్రాక్ కట్టుకునే ముందు, మా స్టూడియో ఉన్న భవనంలో సాయంత్రాలు శుభ్రం చేసే అక్కను ఒకసారి వినమని అడిగాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విని నవ్వేశారు.

"ఎవరమ్మా ఈమె, ఇంత చప్పుడు చేస్తోంది? లోపల సార్లు మాట్లాడుకుంటుంటే ఇట్లా చేస్తే మరుసటి రోజు రానిస్తారా?"

"మరి ఎలా చేస్తారక్కా?"

"చప్పుడు కాకుండా చెయ్యడమే పని. తుడవడం ఎవరైనా తుడుస్తారు."

ఆ మాటతో ప్రాజెక్టు మొత్తం ఇంకో వైపు తిరిగింది. చప్పుడు చేస్తేనే మనిషి ఉన్నట్టు లెక్కపెట్టే మాధ్యమంలో, చప్పుడు చేయకపోవడమే నైపుణ్యంగా బతికే మనిషి నా నాయిక. క్లిప్పుల్లో ఆమె చీపురు వినపడకపోవడానికి ఫోలీ చేయకపోవడమే కారణమని రాశాను కదా, దాని వెనకాల ఇంకో పొర ఉంది. ఆమె నిజంగానే వినపడకుండా పనిచేస్తుంది. దాన్ని సినిమా వాళ్లు ఆమె లేకపోవడంగా లెక్కేసుకున్నారు. అక్క దాన్ని పనితనం అంటున్నారు.

రికార్డింగ్‌కు ఆమెనే రమ్మన్నాను. పని గంటలు అయిపోయాక, ఆమె అడిగిన డబ్బుకు. ఆమె చూపించినవి ఇవి. ఇనప బకెట్ కింద పెట్టేటప్పుడు ముందు ఒక అంచు ఆనించి, తర్వాత మెల్లగా మిగతాది దించుతారు. హ్యాండిల్‌ను వదిలేయరు, వేళ్లతో పట్టుకుని బకెట్ పక్కకు ఆనిస్తారు. గుడ్డను నీళ్లకు పైన పిండరు, నీళ్లకు తగిలేటంత కిందికి వంగి పిండుతారు, అప్పుడు ధార చప్పుడు రాదు. తలుపు మూసేటప్పుడు గొళ్లేన్ని చేత్తో వెనక్కి లాగి పట్టుకుని, తలుపు ఆనాక వదులుతారు. ఇవన్నీ చెప్పమంటే చెప్పలేకపోయారు, చేసి చూపించారు. కొన్ని ఆమెకే అప్పుడు తెలిసినట్టున్నాయి.

ఈ చప్పుళ్లను రికార్డు చేయడం పెద్ద పరీక్ష. ఇంత చిన్న ధ్వనికి గెయిన్ (మైక్ నుంచి వచ్చే ధ్వనిని పెద్దది చేసే సెట్టింగు) పెంచితే గదిలోని ఏసీ హోరు, ట్యూబ్‌లైట్ గీ మనే శబ్దం, నా సొంత చొక్కా చప్పుడు అన్నీ పైకి లేస్తాయి. ఏసీ ఆపించి, దుప్పట్లు కట్టి, మైక్‌ను దాదాపు ఆమె వేళ్లకు ఆనించినంత దగ్గర పెట్టాను. తర్వాత అదే గది ఖాళీ నిశ్శబ్దాన్ని కూడా కొంతసేపు విడిగా రికార్డు చేసుకున్నాను. దాన్ని రూమ్ టోన్ అంటారు. ముక్కల మధ్య అది పరవకపోతే నిశ్శబ్దం నిశ్శబ్దంలా ఉండదు, ఫైల్ పాడైనట్టు ఉంటుంది.

ఫలితం నేను అనుకున్నదానికన్నా బాగా వచ్చింది. అంత దగ్గర నుంచి వింటే ఆమె నిశ్శబ్దం నిండా పని ఉంది. హ్యాండిల్ మీద వేళ్లు బిగిసిన రాపిడి, గుడ్డ నీళ్లలో మునిగిన మెత్తటి చప్పుడు, గొళ్లెం వదిలే ముందు ఆమె ఊపిరి బిగబట్టడం. దూరాన ఆ ఇద్దరి మాటలు. వాళ్లకు ఇవేవీ వినపడవని మనకు అర్థమవుతుంది, ఎవరూ చెప్పకుండానే.

గొంతులు

మేనేజర్లుగా మా సీనియర్లు ఇద్దరు చేశారు. పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు, బాగా చేశారు.

ఆమె గొంతుకు మా బ్యాచ్ అమ్మాయి. కథలో ఆమెకున్న మాటలు రెండే చోట్ల. ఒకటి, ఇంటికి ఫోన్: "తిన్నారా? తలుపేసుకోండి, నేనొచ్చేసరికి లేటవుద్ది." రెండోది, చివర్లో మేనేజర్ బయటికొస్తూ "అయిపోయిందా?" అంటే "అయిపోయింది సార్." మొదటి రిహార్సల్‌లో మా అమ్మాయి రెండింటికీ ఒకే గొంతు పెట్టింది. కాస్త వంగిన, కాస్త ఏడుపు కలిసిన గొంతు. తెర నుంచి వచ్చిన అలవాటు అది. ఏ భాష సినిమాల్లోనైనా పనివాళ్లకు కొన్ని యాసలు, కొన్ని స్వరాలు కేటాయించేశారు. ఒకటి నవ్వించడానికి, ఇంకోటి జాలిపడటానికి. ఆడియోలో గొంతు తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి వినేవాళ్లు మొదటి వాక్యంలోనే వయసు, ఊరు, హోదా అన్నీ తేల్చేసుకుంటారు. అందుకే ఫోన్ మాటలను ఇంట్లో పెత్తనం చేసే మనిషి గొంతుతో చెప్పమన్నాను. కొంచెం విసుగు, కొంచెం ముద్దు. "అయిపోయింది సార్" దగ్గర మాత్రం గొంతు చిన్నదవుతుంది. ఒకే మనిషికి రెండు గొంతులుంటాయని, వాటిలో ఒకటి ఉద్యోగంలో భాగమని చెప్పడానికి ఆ తేడా చాలు.

అద్దం తలుపు

కథలో కీలకమైన మాట దగ్గర అద్దాల గది తలుపు మూసుకుంటుంది. ఆమెకు సగమే వినపడుతుంది, కాబట్టి మనకూ సగమే వినపడాలి.

ఎంత వినపడనివ్వాలి అన్నది లెక్కల వ్యవహారం. తలుపు పై పౌనఃపున్యాలను, అంటే సన్నటి స్వరాలను, గట్టిగా ఆపుతుంది, కింది వాటిని కొంత వదిలేస్తుంది. మాటలోని అచ్చుల బలం ఎక్కువగా కిందే ఉంటుంది. మాటను మాటగా విడదీసే క, త, ప, స లాంటి హల్లుల గుర్తులు చాలావరకు పైన ఉంటాయి. పాత టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే పంపేది, అయినా అన్నీ అర్థమయ్యేవి. కాబట్టి ఫిల్టర్‌తో 3000 హెర్ట్జ్‌కు పైనున్నది కోస్తే ఏ లాభమూ లేదు. 800 దగ్గర కోస్తే రాగం మిగిలింది, మాట పోయింది. ఎవరో ఏదో నిర్ణయిస్తున్నారని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఆ గొణుగుడులోంచి "వచ్చే నెల", "కాంట్రాక్టు" అన్న రెండు మాటలకు మాత్రం ఫిల్టర్ కొంచెం తెరిచాను. తలుపు అలా పనిచేయదు, చెవి అలాగే పనిచేస్తుంది. తనకు సంబంధించిన మాటను గోలలోనూ ఒక్కోసారి పట్టేసుకుంటుంది. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ఒకేసారి వినిపించే రెండు గొంతుల్లో ఒకదాన్నే మనిషి ఎలా అనుసరిస్తాడో ప్రయోగాలు చేసి చూపించాడు. మైక్‌కు ఆ తెలివి లేదు, దాని బదులు నేను పెట్టాలి.

"కాంట్రాక్టు" వినగానే మాప్ ఆగుతుంది. అప్పటిదాకా నాలుగు నిమిషాలుగా ఒకే లయలో వస్తున్న చప్పుడు అది. అంతసేపు వినిపించింది ఈ ఆగడం కోసమే.

వినిపించి చూస్తే

క్లాసులో దీపాలు తీసేసి వినిపించాను. మొదట్లో కొందరికి అది నది ఒడ్డులా అనిపించిందట, ఒకరికి బట్టలుతుకుతున్నట్టు. చప్పుడుకు సొంతంగా పేరు ఉండదు, చుట్టూ ఉన్నదే దానికి పేరు పెడుతుంది. అందుకని ముందు లిఫ్ట్ తలుపు, ఖాళీ వరండాలో ప్రింటర్ ఆగిపోతున్న చప్పుడు చేర్చాను. నది పోయింది.

తలుపు దగ్గర మాటలు వినపడటం లేదని ఫిర్యాదు. "ఫిల్టర్ కొంచెం తగ్గించొచ్చుగా" అన్నారు. తగ్గించలేదు. వాళ్ల చిరాకు ఆమె చిరాకే.

అసలు చర్చ ముగింపు మీద. స్క్రిప్ట్‌లో చివరన మేనేజర్లు వెళ్లిపోయాక ఆమె బకెట్ తీసుకుని వెళ్లిపోతుంది, అంతే. క్లాసులో సగం మంది ఆమె ఏదో ఒకటి చేయాలన్నారు. బకెట్ విసిరికొట్టాలని ఒకరు, ఏడవాలని ఇంకొకరు. అక్కను అడిగాను, మీరైతే ఏం చేస్తారని.

"విసరడమెందుకు, మళ్లీ నేనే తుడవాలి" అన్నారు. కాసేపాగి, "హ్యాండిల్ పట్టుకోను. వదిలేస్తా, అంతే" అన్నారు.

బకెట్ కింద పెట్టి వదిలేశారు. హ్యాండిల్ వెళ్లి ఇనప అంచు మీద పడింది. ఒక్క చప్పుడు. ఏడు నిమిషాలు హెడ్‌ఫోన్స్‌లో ఆ వేళ్లను విన్నవాళ్లకు అది చాలా పెద్ద చప్పుడు. మేడం విని, "సరే, మనసులో మాట అక్కర్లేదు" అన్నారు. నాకు అప్పటికి టెన్షన్ తగ్గింది.

మిక్స్, మిగిలిన పనులు

ఇప్పుడున్న తలనొప్పి ఫోన్ స్పీకర్. హెడ్‌ఫోన్స్‌లో పనిచేసినదంతా ఫోన్‌లో పెడితే సగం పోతోంది. చిన్న స్పీకర్లు కింది స్వరాలను పలికించలేవు, పైగా ఫోన్‌లో వినే మనిషి చుట్టూ ఏదో ఒక రొద ఉంటుంది. వేళ్ల రాపిడి వినపడకపోతే కథే లేదు. యూరప్ ప్రసార ప్రమాణం ప్రకారం సగటు −23 లఫ్స్ (చెవికి ధ్వని ఎంత పెద్దగా అనిపిస్తుందో కొలిచే ప్రమాణం) ఉండాలి, పాడ్‌కాస్ట్‌లకు −16 దగ్గర పెట్టడం వాడుక. −16కు తేవడానికి, పెద్ద చప్పుడుకూ చిన్న చప్పుడుకూ తేడా తగ్గించే కంప్రెసర్ వేస్తే చిన్న చప్పుళ్లు పైకొస్తాయి, కానీ చివరి హ్యాండిల్ చప్పుడు అణిగిపోతుంది. ఆ ఒక్క క్షణానికి ముందు కంప్రెషన్ ఎత్తేస్తున్నాను. మొదట్లో "హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి" అని చెప్పించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నాకైతే అది సినిమా ముందు క్షమాపణ చెప్పినట్టు అనిపిస్తోంది.

పేర్లు చదివించడం కూడా మిగిలింది. ఆడియోలో పేర్లు కళ్ల ముందు జారిపోవు, ఎవరో ఒకరు గట్టిగా చదవాలి. ఫోలీ కింద అక్క పేరు, ఒక్కరి పేరే. ఇంటిపేరుతో సహా చదవాలని ఆమె షరతు. ఎలా పలకాలో వాయిస్ మెసేజ్ పంపిస్తానన్నారు.